జీతం బాకీ, ఓటీ ఎగవేత: గోదావరి డెల్టా కార్మికులు డబ్బు రాబట్టుకునే దారి

మన డెల్టాలో డ్యూటీ అంటే పన్నెండు గంటలేనని అందరికీ అలవాటైపోయింది. రైస్ మిల్లు, ఐస్ ఫ్యాక్టరీ, రొయ్యల ప్లాంటు, పెట్రోలు బంకు, ఆఖరికి బట్టల షాపు కూడా అంతే. "నెలకి పదమూడు వేలు, పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది" అని ఓనరు ఒక్క ముక్కలో తేల్చేస్తాడు, మనం తలూపి చేరిపోతాం.

ఆ ఒక్క ముక్కలో ఎంత పోతోందో చూడండి. చట్టం గీసిన గీత వారానికి 48 గంటలు. రోజువారీ పరిమితిని మన రాష్ట్రంలో 2025లో 10 గంటలకి పెంచారు గానీ వారం గీత చెరిగిపోలేదు. ఆరు రోజులు పన్నెండేసి గంటలంటే 72. గీత దాటినవి 24. దాటిన ప్రతి గంటకీ రెట్టింపు జీతం ఇవ్వాలి కాబట్టి 24 గంటల ఓవర్‌టైముకి (ఓటీ) 48 గంటల జీతం రావాలి. అంటే ఆ వారానికి ఇంకో పూర్తి వారం జీతం. మధ్యాహ్నం భోజనానికి గంటసేపు నిజంగా వదిలేస్తే ఆ గంట తీసేయాలి. తీసేసినా తక్కువేం కాదు.

ఈ డబ్బు అడగడానికి లాయరే ఉండాలని లేదు, అపాయింట్‌మెంట్ ఆర్డరూ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకం, కొంచెం లెక్క, సరైన ఆఫీసు ఎక్కడుందో తెలియడం కావాలి. "కాగితం లేదు కదా, కేసు నిలబడదు" అని ఊళ్లో పెద్దమనుషులు చెప్పే మాట వల్ల పోయినంత డబ్బు ఓనర్ల వల్ల కూడా పోలేదేమో.

ఇప్పుడు నడుస్తున్న చట్టం

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. జీతాల విషయంలో మనకి కావలసింది వేతనాల కోడ్, 2019. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం, బోనస్ చట్టం, సమాన వేతన చట్టం నాలుగూ ఇందులో కలిసిపోయాయి. కోడ్‌ల మీద కార్మిక సంఘాలకి చాలా అభ్యంతరాలున్నాయి, వాటిలో న్యాయమైనవీ ఉన్నాయి. కానీ జీతం బాకీ రాబట్టుకోవాలనుకునే మనిషికి రెండు మార్పులు మాత్రం మేలు చేశాయి.

మొదటిది గడువు. పాత చట్టాల్లో కనీస వేతనం తేడా అడగాలంటే ఆరు నెలల్లోపు, ఎగ్గొట్టిన జీతం అడగాలంటే 12 నెలల్లోపు వెళ్లాలి. ఇప్పుడు మూడేళ్లు. రెండోది, నెలకి 24 వేలు దాటినవాళ్లకి పాత వేతనాల చెల్లింపు చట్టంలో చోటు లేదు. కొత్త కోడ్‌లో ఆ పరిమితి తీసేశారు. సూపర్‌వైజరుకైనా మేనేజరుకైనా జీతం ఆపితే ఇదే దారి. ఓటీ మాత్రం మేనేజర్లు అడిగేది కాదు, కనీస వేతనం నిర్ణయమైన పనులు చేసేవాళ్లది.

మీ బాకీ 2025 నవంబరు కన్నా ముందుదైతే ఇంకా ఆలోచిస్తూ కూర్చోకండి. పాత గడువు లెక్క ఎత్తి ఓనరు తప్పించుకోవాలని చూస్తాడు. దరఖాస్తుతోపాటు ఆలస్యాన్ని మన్నించమని ఇంకో అర్జీ కూడా పెట్టండి. జబ్బు, వలస, "వచ్చే నెల ఇస్తా" అని ఓనరు తిప్పించుకోవడం, ఏది నిజమైతే అది రాయండి. పాతదీ కొత్తదీ కలిపి ఒకే మొత్తంగా చూపకుండా రెండు పట్టికలుగా విడదీయండి.

దుకాణాలు, హోటళ్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి 1988 నాటి రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం కూడా ఉంది. అది కోడ్‌లలో కలవలేదు, వేరుగా నడుస్తోంది. అక్కడ కూడా ఓటీకి రెట్టింపే.

జీతం ఎప్పటికి ఇవ్వాలి, ఎంత కోయొచ్చు

రోజు కూలి అయితే పని దిగేటప్పుడే ఇవ్వాలి. వారం జీతమైతే వారం సెలవుకి ముందు, చివరి పనిరోజున. నెల జీతమైతే మరుసటి నెల 7వ తేదీ దాటకూడదు. మానేసినా, తీసేసినా, ఫ్యాక్టరీ మూసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలి. ఈ ఆఖరి నియమం తెలిసినవాళ్లు తక్కువ. "మానేశావుగా, సీజను అయ్యాక రా చూద్దాం" అనే మాటకి చట్టంలో చోటు లేదు. రొయ్యల కౌంటు (సైజు) రేటు పడిపోయింది, అమెరికా సుంకాల దెబ్బకి కంటైనరు ఆగింది, పార్టీ నుంచి బిల్లు రాలేదు అన్నవి ఓనరు కష్టాలు. నిజమైన కష్టాలే కావచ్చు, కానీ వాటిని మీ జీతంలోంచి మోయించే హక్కు ఆయనకి లేదు.

కోతలకీ హద్దుంది. చట్టం చెప్పిన కారణాలకే కోయాలి, అన్నీ కలిపినా సగం జీతం దాటకూడదు. జరిమానా ఆ జీతకాలం మొత్తంలో 3 శాతం మించకూడదు. అదీ మీ సంజాయిషీ విన్నాకే. ఒక రోజు నాగాకి ఒక రోజు జీతమే కోయాలి, రెండు రోజులది కోస్తే మిగతాది బాకీ కిందే లెక్క. ఒక్క జాగ్రత్త ఉంది. పదిమంది, అంతకన్నా ఎక్కువ మంది కూడబలుక్కుని, ముందు చెప్పకుండా, సరైన కారణం లేకుండా మానేస్తే, ఒప్పందంలో నోటీసు షరతు ఉన్నచోట ఎనిమిది రోజుల జీతం దాకా కోసే వీలుంది. కోపం వచ్చి జట్టంతా గేటు బయటికి నడిచే ముందు ఒక లెటరు ఇచ్చి నడవండి.

రొయ్యల పీలింగ్ షెడ్లలో కిలోకి ఇంత అని ఇస్తారు కదా. కిలో లెక్కకి కనీస రేటు నిర్ణయించని చోట, రోజుకి నిర్ణయించిన కనీస వేతనం కన్నా తక్కువ రాకూడదు. సరుకు తక్కువ వచ్చిన రోజు పొద్దున్నుంచి షెడ్డులో కూర్చోబెట్టి సాయంత్రం 150 చేతిలో పెడితే, తేడా అడగొచ్చు. అలాగే ఒకే పనికి మగవాళ్లకొక రేటు, ఆడవాళ్లకొక రేటు ఇవ్వడం కోడ్ నిషేధించింది. ఇటుక బట్టీలోనైనా కడియం నర్సరీలోనైనా పక్కన అదే పని చేసే మగమనిషికి ఎంత ఇస్తున్నారో తెలిస్తే ఆ తేడా కూడా క్లెయిమ్‌లో రాయండి.

మొదటి మెట్టు: ఎవరి మీద వేయాలి

మేస్త్రి తీసుకొచ్చాడు, కాంట్రాక్టరు జీతం ఇచ్చాడు, పని చేసింది ఫ్యాక్టరీలో. ఈ ముగ్గురిలో ఎవరు బాధ్యులనేది చాలామందిని ఆపేసే ప్రశ్న. జీతం ఇవ్వాల్సింది ముందు యజమాని లేదా కాంట్రాక్టరు. వాళ్లు ఇవ్వకపోతే, మీరు పనిచేసిన ఆ సంస్థ ఎవరిదో వాళ్లే ఇవ్వాలి. కాబట్టి దరఖాస్తులో కాంట్రాక్టరునీ, ఫ్యాక్టరీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి. ఒక్క కాంట్రాక్టరు మీదే వేస్తే అతను ఫోను మార్చేసి ఇంకో ఊళ్లో తేలతాడు. ఫ్యాక్టరీ గోడలు ఎక్కడికీ పోవు.

సంస్థ అసలు పేరు బోర్డు మీద ఉన్నది కాకపోవచ్చు. గోనెసంచి మీద, జీఎస్టీ బిల్లు మీద, బ్యాంకులో జీతం పడిన ఎంట్రీలో చూడండి. వీటిలో కనపడిన పేర్లన్నీ రాసుకోండి.

రెండో మెట్టు: రుజువులు పోగేయడం

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి, డబ్బు తేలేది ఇక్కడే.

జీతం ఇవ్వలేదనో తక్కువ ఇచ్చారనో అక్రమంగా కోశారనో మీరు క్లెయిమ్ వేస్తే, ఇచ్చేశామని రుజువు చేయాల్సింది యజమానే. కోడ్ 59వ సెక్షన్ ఈ మాట స్పష్టంగా చెబుతుంది. హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు పెట్టడం, జీతం చీటీ ఇవ్వడం ఆయన బాధ్యత. మీ దగ్గర చీటీ లేకపోవడం మీ తప్పు కాదు, ఇవ్వకపోవడం ఆయన తప్పు.

అయితే దీన్ని ఎక్కువగా ఊహించుకోకండి. మీరు అక్కడ పనిచేశారని, ఇన్ని గంటలు చేశారని ముందు మీరే చూపించాలి. అది చూపించాకే ఆయన వంతు వస్తుంది. దీనికి పనికొచ్చేవి మీ దగ్గరే చాలా ఉంటాయి: బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పేలో సూపర్‌వైజరు పంపిన డబ్బు, "రేపు నైట్ షిఫ్టుకి రా" అన్న వాట్సాప్ మెసేజి, గేటు పాసు, యూనిఫాం, ఐడీ కార్డు, కాటా దగ్గర మీరు సంతకం పెట్టిన చీటీలు, ఈఎస్‌ఐ కార్డు, పీఎఫ్ పాస్‌బుక్కు, ప్లాంటు లోపల దిగిన ఫొటోలు. కంపెనీ బస్సులో వెళ్లేవాళ్లయితే డ్రైవరు పెట్టిన వాట్సాప్ గ్రూపు బంగారం లాంటిది. ఏ టైముకి ఎక్కించుకున్నాడు, ఏ టైముకి దించాడు అన్నీ అందులో ఉంటాయి. మెసేజిలు స్క్రీన్‌షాట్ తీసి మెయిల్‌కి పంపుకోండి, అసలు ఫోను మాత్రం అమ్మేయకండి.

ఇవాళ్టి నుంచే ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, ఎక్కిన టైము, దిగిన టైము, భోజనం విరామం, ఏ పని, ఆ షిఫ్టు సూపర్‌వైజరు ఎవరు, ఎంత ఇచ్చారు. ఏ రోజుది ఆ రోజే రాయాలి. ఒకే పెన్నుతో ఒకే కూర్చోవడంలో ఆరు నెలలు రాసిన పుస్తకం ఎవరికైనా కనపడిపోతుంది. గడిచిపోయిన నెలలకి గుర్తున్నంతే రాసి, "గుర్తున్నంతవరకు" అని పైన పెట్టండి.

తోటివాళ్లు సాక్ష్యం చెబితే మంచిదే. ఇంకా అక్కడే పనిచేస్తున్నవాళ్లని బలవంతపెట్టకండి, ఉద్యోగం పోతుందన్న టెన్షన్‌తో విచారణ రోజు మాట మార్చేస్తే మీకే నష్టం. మానేసి వెళ్లిపోయినవాళ్లు మంచి సాక్షులు.

ఇప్పటికి ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ముఖ్యంగా ఖాళీ కాగితం, ఖాళీ వోచరు, "నాకు రావలసినదంతా ముట్టింది" అన్న రసీదు. పెట్టేసి ఉంటే దాని కథ దరఖాస్తులోనే చెప్పేయండి. కోడ్ కింద వచ్చే హక్కుల్ని వదులుకుంటున్నానని ఎవరిచేత రాయించుకున్నా అది చెల్లదు.

మూడో మెట్టు: లెక్క కట్టడం

నెల జీతాన్ని 26తో భాగిస్తే రోజు జీతం వస్తుంది. దాన్ని 8తో భాగిస్తే గంట జీతం. రెట్టిస్తే ఓటీ గంట రేటు.

13,000 జీతమైతే రోజుకి 500, గంటకి 62 రూపాయల 50 పైసలు, ఓటీ గంటకి 125. పన్నెండు గంటల డ్యూటీలో గంట భోజన విరామం తీసేస్తే వారానికి 66 గంటల పని, అందులో ఓటీ 18 గంటలు. వారానికి 2,250 రూపాయలు. ఏడాదంతా ఒక్క వారం కూడా మానకుండా చేసినవాడికి 52 వారాలకి 1,17,000. మూడేళ్లకి మూడున్నర లక్షలు. ఇది ఆశ పెట్టడానికి కట్టిన లెక్క కాదు. మీ నాగాలు, పండగ సెలవులు, సరుకు లేక తొందరగా వదిలేసిన రోజులు తీసేసుకుంటూ వారం వారం కట్టండి. తీసేయాల్సింది నిజాయితీగా తీసేసిన పట్టికని అధికారి నమ్ముతారు.

"ఆ పదమూడు వేలూ పన్నెండు గంటలకే మాట్లాడుకున్నాం" అని ఓనరు అంటాడు. దీనికి జవాబు సిద్ధంగా ఉండాలి. కనీస వేతనం మామూలు పనిదినానికి నిర్ణయించినది. మీ పనికి ప్రభుత్వం ప్రకటించిన రేటు ఎంతో తెలుసుకుని, ముందు జీతం దానికి సరిపోయిందో లేదో చూడండి. తగ్గితే ఆ తేడా ఒక క్లెయిము, ఓటీ ఇంకో క్లెయిము. మన రాష్ట్రంలో ఈ రేట్లలో కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. కాబట్టి మూడేళ్ల లెక్కకి ఒకే రేటు వాడకూడదు, ఆరేసి నెలలకి ఒక్కో రేటు. కార్మిక శాఖ ఆఫీసులో అడిగితే మీ పరిశ్రమ తాలూకు కాగితం ఇస్తారు. రైస్ మిల్లుకీ, హోటలుకీ, ఇటుక బట్టీకీ, వ్యవసాయానికీ వేర్వేరు పట్టికలు.

బేసిక్ తక్కువ, అలవెన్సులు ఎక్కువ చూపించే చోట ఇంకో సంగతి. మొత్తంలో సగం దాటిన అలవెన్సు జీతంలోనే కలిపి లెక్కేయాలి. పీఎఫ్, బోనస్ తగ్గించడానికి వేసే ఈ ఎత్తు ఇకపై పూర్తిగా పారదు.

నాలుగో మెట్టు: ఒకసారి రాతపూర్వకంగా అడగడం

నోటీసు ఇచ్చి తీరాలని లేదు, కానీ ఇస్తే మంచిది. సగం కేసులు ఇక్కడే తేలతాయని చెప్పను గానీ, చిన్న ఓనర్లలో కొందరు లెక్క కాగితం మీద చూడగానే మాట్లాడదాం రమ్మంటారు. తిట్లు, బెదిరింపులు వద్దు. ఇలా ఉంటే చాలు:

"నేను మీ సంస్థలో ........ తేదీ నుంచి ........ తేదీ వరకు ........ పని చేశాను. నా నెల జీతం రూ. ......... నాకు ........ నెలల జీతం రూ. ........, ........ గంటల ఓటీ రూ. ........, మొత్తం రూ. ........ రావాలి. వారాలవారీ లెక్క జతచేశాను. ఈ లేఖ అందిన 15 రోజుల్లోపు నా బ్యాంకు ఖాతాలో వేయగలరు. లేనిపక్షంలో వేతనాల కోడ్ ప్రకారం అధికారి ముందు క్లెయిమ్ వేస్తాను."

స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అదే కాగితం ఫొటో తీసి ఓనరు వాట్సాప్‌కి కూడా పెట్టండి. నీలం టిక్కులు కూడా ఒకరోజు పనికొస్తాయి.

జవాబుగా చెక్కు ఇస్తే తీసుకోండి. బౌన్సయితే అది వేరే నేరం. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి, అందాక 15 రోజుల్లో కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టులో కేసు వేయాలి. ఈ తేదీలు ఒక్కరోజు కూడా జారకూడదు.

అయిదో మెట్టు: సరైన ఆఫీసు

మీ సొంతూరు ఏదన్నది కాదు, పని ఎక్కడ చేశారన్నది చూస్తారు. రాజోలు మనిషి ఆకివీడు ప్లాంటులో చేస్తే ఆకివీడు ఏ సర్కిల్ కిందికి వస్తే ఆ అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు దగ్గరికి వెళ్లాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీలాక పాత పశ్చిమ గోదావరి కొంత ఏలూరుకీ కొంత భీమవరానికీ కొంత రాజమహేంద్రవరానికీ, పాత తూర్పు గోదావరి కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురాలకీ పోయింది. పాత అలవాటుతో ఏలూరో కాకినాడో బస్సెక్కి వెళ్లి వెనక్కి రావడం ఎందుకు, ముందు ఫోను చేసి అడగండి.

అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు దగ్గర రెండు పనులు జరగొచ్చు. ఫిర్యాదు తీసుకుని ఓనరుని పిలిపించి మాట్లాడటం ఒకటి. క్లెయిమ్ వినే అధికారి ముందుకి మీ దరఖాస్తు వెళ్లేలా చూడటం రెండోది. మొదటిది త్వరగా అవుతుంది, కానీ ఓనరు రాకపోతే అక్కడే ఆగుతుంది. రెండోది విచారణ, ఆర్డరు, వసూలు దాకా వెళ్లే దారి. మాటలతో రెండు మూడు వాయిదాలు గడిచాక కూడా రూపాయి రాలేదంటే ఇంక రెండో దారి పట్టండి. "వాడు మా మనిషే, నేను చెబుతా" అని ఎవరైనా మధ్యలోకి వస్తే వినండి, కానీ గడువు తేదీ మాత్రం క్యాలెండరు మీద గుండ్రం చుట్టి పెట్టుకోండి.

ఓఎన్‌జీసీ బావుల దగ్గర, రైల్వే స్టేషన్లలో కాంట్రాక్టరు కింద చేసేవాళ్లకి దారి వేరు. అవి కేంద్రం పరిధి. రాష్ట్ర కార్మిక శాఖకి కాకుండా కేంద్ర కార్మిక కమిషనర్ యంత్రాంగానికి వెళ్లాలి. దాని ప్రాంతీయ ఆఫీసు విశాఖపట్నంలో ఉంది, సమాధాన్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా కూడా వేయొచ్చు. నరసాపురం, రాజోలు వైపు ఈ తేడా తెలియక నెలలు పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

ఆరో మెట్టు: దరఖాస్తు, విచారణ

దరఖాస్తు మీరే వేయొచ్చు, రిజిస్టరైన యూనియన్ వేయొచ్చు, తనిఖీ అధికారి కూడా వేయొచ్చు. ఆ అధికారికి కొత్త కోడ్‌లో ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అని పేరు పెట్టారు. ఎంతమంది కార్మికులైనా కలిసి ఒకే దరఖాస్తు పెట్టొచ్చు. కలిసి వేయడమే మేలని నా అభిప్రాయం. ఒక్కడైతే ఓనరు పిలిచి సగం ఇచ్చి పంపేస్తాడు, ఇరవైమంది ఉంటే రిజిస్టర్లు తేవాల్సిందే. ఒక్కొక్కరి లెక్క మాత్రం వేరే పేజీలో ఉండాలి.

అందులో మూడు కోరికలు మరిచిపోవద్దు: బాకీ మొత్తం, దానిపై పరిహారం, యజమాని దగ్గరున్న హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు, గేటు రిజిస్టరు తెప్పించమన్న ప్రార్థన. పరిహారం బాకీకి పది రెట్ల దాకా వేసే అధికారం ఆ అధికారికి ఉంది. పది రెట్లు ఇస్తారని ఆశ పెట్టుకోకండి, కానీ అడగకపోతే ఆలోచించడానికి కూడా ఏమీ ఉండదు. రిజిస్టరు తెప్పించమని అడగడం ఇంకా ముఖ్యం. అసలు రిజిస్టరే లేకపోతే మీ నోటుపుస్తకమే మిగులుతుంది, అప్పటికప్పుడు తయారు చేసి తెస్తే సంతకాల్లో దొరికిపోతాడు. మీరు ఊళ్లో లేని రోజు కూడా మీ హాజరు వేసి ఉంటుంది, అది చూపించండి.

మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కోడ్ చెబుతుంది. వాయిదాలు పడతాయి, ఓనరు లాయరు టైము అడుగుతాడు. ప్రతి వాయిదాకీ మీరు వెళ్లాల్సిందే. మీరు కనపడకపోతే దరఖాస్తు కొట్టేసే వీలు చిక్కుతుంది. పని మానుకుని రావడం కష్టమే, అందుకే జట్టులో ఇద్దరికి అధికారపత్రం రాసి వంతులు వేసుకోండి.

లాయరు కావాలనిపిస్తే డబ్బు లేకుండా దొరుకుతాడు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకి, ఎస్సీ, ఎస్టీలకి, దివ్యాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకీ ఉంది. 15100కి ఫోను చేయండి, లేదా దగ్గర్లోని కోర్టు ఆవరణలో మండల న్యాయసేవా కమిటీ ఎక్కడో అడగండి.

రాజీ మాట వస్తే కాదనకండి. నాలుగేళ్ల తర్వాత వచ్చే లక్ష కన్నా ఈ నెలలో వచ్చే డెబ్బై వేలు ఒక్కోసారి మంచిది. అది మీరు తీసుకోవాల్సిన నిర్ణయం. కానీ రాజీ అధికారి ఎదుటే రాసుకోవాలి, ఏ నెల జీతం ఎంత, ఓటీ ఎంత అని విడివిడిగా ఉండాలి, డబ్బు ఖాతాలో పడ్డాకే దరఖాస్తు ఉపసంహరించుకోవాలి. హోటల్లో కూర్చుని టీ తాగుతూ చేసుకున్న రాజీ బయటికొచ్చాక ఎవరికీ గుర్తుండదు.

ఏడో మెట్టు: ఆర్డరు వచ్చాక వసూలు

ఆర్డరు వచ్చినా కట్టకపోతే, అధికారి కలెక్టరుకి వసూలు సర్టిఫికెట్ పంపుతారు. భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే రెవెన్యూ వాళ్లు వసూలు చేసి ఇవ్వాలి. కష్టమంతా ఇక్కడ మొదలవుతుంది, ఎందుకంటే తహసీల్దారు బల్ల మీద మీ ఫైలు కింద పడిపోతుంది. సర్టిఫికెట్ నంబరు, తేదీ రాసుకుని, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల వేదికలో అర్జీ ఇవ్వండి, లేదా 1100కి ఫోను చేసి నమోదు చేయించండి. ఓనరుకి ఎక్కడ చెరువులున్నాయి, ఏ సర్వే నంబరు, ఏ బ్యాంకు, ఏ లారీ నంబరు అన్న వివరాలు మీకు తెలిస్తే ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ వివరాలు లేకపోతే సర్టిఫికెట్ ఒట్టి కాగితమే.

ఆర్డరు నచ్చకపోతే 90 రోజుల్లోపు అప్పీలు వేయొచ్చు. ఓనరు కూడా వేస్తాడు, దానికి సిద్ధంగా ఉండండి.

డబ్బు వసూలు వేరు, శిక్ష వేరు. జీతం తక్కువ ఇచ్చిన యజమానికి 50 వేల దాకా జరిమానా, అయిదేళ్లలో మళ్లీ అదే తప్పు చేస్తే మూడు నెలల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా లేదా రెండూ పడొచ్చు. ఈ జరిమానా మీ చేతికి రాదు. కాబట్టి కోపం తీర్చుకోవడం కన్నా క్లెయిమ్ మీద దృష్టి పెట్టడం నయం.

మిగతా చిక్కులు

పీఎఫ్ కోసి కట్టకపోతే అది కార్మిక శాఖ పని కాదు. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్కు చూసుకుని, ఏ నెలలు పడలేదో రాసి పీఎఫ్ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టండి, లేదా రాజమహేంద్రవరం ప్రాంతీయ ఆఫీసులో ఇవ్వండి. మామూలుగా 20 మంది ఉన్న సంస్థకి పీఎఫ్, 10 మంది ఉంటే, నెల జీతం 21 వేల లోపు వాళ్లకి ఈఎస్‌ఐ వర్తిస్తాయి.

క్లెయిమ్ వేశామని తీసేస్తే, జీతం బాకీతో కలపకుండా దాన్ని వేరే వివాదంగా లేబర్ ఆఫీసులో రాజీ అధికారి ముందు పెట్టాలి. దానికి రెండేళ్లు మించకూడదు.

చేపల చెరువు గట్టు మీద గుడిసెలో కుటుంబంతో సహా కాపలా ఉండే వలస కూలీల సంగతి వేరు. "అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు" అని ఆధార్ కార్డు తీసి పెట్టుకుంటే అది జీతం బాకీ కాదు, వెట్టిచాకిరీ. 1976 నాటి చట్టం ప్రకారం ఆ అప్పే రద్దవుతుంది, వెట్టి చేయించినవాడికి మూడేళ్ల దాకా జైలుంటుంది. ఆర్డీవోకో కలెక్టరుకో అర్జీ ఇవ్వాలి, కొట్టడం, బంధించడం ఉంటే ముందు 112. కనీస వేతనం కన్నా తక్కువకి గత్యంతరం లేక చేసే పని కూడా బలవంతపు చాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) నిర్మాణ కార్మికుల కేసులో చెప్పింది. వెట్టి నుంచి విడిపించినట్టు అధికారులు ఇచ్చే విడుదల సర్టిఫికెట్ తీసుకోకుండా ఆ ఊరు వదలకండి, తర్వాత వచ్చే సాయమంతా దాని మీదే ఆధారపడుతుంది.

పనిచేసిన మనిషి చనిపోతే బాకీ చనిపోదు. నామినీ ఉంటే వాళ్లకి ఇవ్వాలి, లేకపోతే నిర్ణీత అధికారి దగ్గర జమ చేయాలి. కుటుంబం మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేసి క్లెయిమ్ అడగాలి. దినకార్యాల హడావిడిలో ఓనరు ఇచ్చిన పదివేలకి ఎవరైనా సంతకం పెట్టమంటే, ఆ కాగితం చదివాకే పెట్టండి.